అట్టలూడిన సోమవారం

శనివారం పొద్దున గంజి డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి పరిశోధనశాలకు వెళ్ళడం, కోల్డ్‌రూములో ఉన్న సీసాను మంచుముక్కల డబ్బాలో సర్దుకోవడం, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం. సోమవారం పొద్దున మళ్ళీ అదే డబ్బాలో, అదే బస్సులో వెనక్కి. మధ్యలో ఉన్న రెండు రోజులూ అటు సీసాకు గానీ ఇటు అతనికి గానీ చేయవలసిన పనేమీ లేదు.

పరిశోధనశాలలో కరెంటు తీగలు మారుస్తున్నారు. రెండు రోజులు కరెంటు ఉండదని గేటు దగ్గర కాగితం అంటించారు. జనరేటరు ఉంది గానీ, అది డైరెక్టరుగారి గదికీ లిఫ్టుకీ తప్ప ఇంకెవరికీ వెలుగివ్వదు. అనుమతి పత్రం లేకుండా ఏ పదార్థమూ గేటు దాటకూడదని నిబంధన ఒకటి ఉంది. కానీ అనుమతి ఇవ్వవలసిన డైరెక్టరుగారు ఊళ్ళో లేరు. ఆ నిబంధన పట్టుకుపోయేవాళ్ళ కోసం పెట్టింది గానీ కాపాడుకునేవాళ్ళ కోసం కాదని గంజి డాక్టరు తన మనసుకు నచ్చజెప్పాడు. మనసు తొందరగానే ఒప్పుకుంది. ఇలాంటి విషయాల్లో దానికి మొదటినుంచీ పట్టుదల తక్కువ.

అతనిది రోగాలు కుదిర్చే డాక్టరీ కాదు. ఈ వీధికి వచ్చిన కొత్తల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఎదురుగా వచ్చి నాలుక చాపి నిలబడేవారు. "నేను ఆ డాక్టర్ని కాదండీ, గంజి మీద పరిశోధన చేస్తాను" అని చెప్పగా చెప్పగా జ్వరాలు తగ్గలేదు గానీ అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది.

ఐదేళ్ళ కిందట, బంగాళాదుంప చిప్సు ఫ్యాక్టరీ వెనకున్న మురుగు కాలువ బురదలో అతనికి ఒక బ్యాక్టీరియా దొరికింది. దానికి పిండి అంటే ప్రాణం. కానీ నోరూ లేదు, పళ్ళూ లేవు. అందుకని ఒక ఎంజైమును బయటికి వదులుతుంది. ఆ ఎంజైము వెళ్ళి పిండిని ముక్కలు ముక్కలుగా కోసి చక్కెర చేస్తే, ఇది తీరిగ్గా పీల్చుకుంటుంది. ఆ ఎంజైమును చుట్టూ ఉన్న చెత్త నుంచి విడదీసి శుద్ధి చేయడమే గంజి డాక్టరు బతుకైపోయింది. బ్యాక్టీరియా పెరిగిన రసాన్ని గిరగిరా తిప్పి మడ్డి తీసేయాలి. మిగిలిన దానిలో ఉప్పు వేసి విరగ్గొట్టాలి. ఆ విరుగుడును సన్నటి పొర సంచిలో కట్టి ఉప్పంతా కడిగేయాలి. తరవాత నిలువెత్తు గాజుగొట్టం గుండా చుక్క చుక్కగా దింపాలి. ఇరవై లీటర్ల రసం పోస్తే చివరికి దిగింది అరవై మిల్లీలీటర్లు. ఐదేళ్ళ కష్టం చూడ్డానికి అచ్చం మంచినీళ్ళలా ఉంది.

సోమవారం కమిటీ వస్తోంది. ఆ అరవై మిల్లీలీటర్లు చూసి, పరిశోధనకు ఇంకో మూడేళ్ళు గడువు ఇవ్వాలో, ఇంతటితో మంగళం పాడాలో తేలుస్తారు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయగానే భార్య వెనకే వచ్చి నిలబడింది. ఆవిడది తపాలా ఆఫీసులో కౌంటరు ఉద్యోగం. ఏ పొట్లం వచ్చినా లోపల ఏముందో అడగడం అలవాటు.

"ఏమిటండీ అది?"

"ఎంజైము."

"అంటే ఆ కాలువలో పురుగులేనా?"

"పురుగులు కావు, బ్యాక్టీరియా. అవి కూడా ఇందులో లేవు. అవి చేసిన సరుకు ఒక్కటే ఉంది."

"పురుగులు చేసిన సరుకు తెచ్చి కూరగాయల పక్కన పెడతారా? పై అరలో పెట్టండి, నాన్న సామాను దగ్గర. అక్కడ తినేవేమీ ఉండవు."

నాన్న అంటే గంజి డాక్టరుకు మామగారు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, పుస్తకాలకు అట్టలు కట్టే పని. కింద భాగమంతా ఆయన బైండింగు దుకాణం, పైన కాపురం. ఒక్కతే కూతురు కాబట్టి పన్నెండేళ్ళ కిందటే అల్లుడు ఇక్కడికి వచ్చేశాడు. ఫ్రిజ్‌లో పై అర మామగారిది. ఉడికించిన పిండి జిగురు గిన్నె, జిగురు పలచన చేసుకునే కాచి చల్లార్చిన నీళ్ళ సీసా అక్కడ ఉంటాయి.

గంజి డాక్టరు జాగ్రత్తపరుడు. ఊరికే పెడితే ఎవరైనా పొరపడతారని ఒక కాగితం ముక్క మీద "ముట్టుకోవద్దు" అని రాసి, చేతికందిన మామగారి జిగురు ఇంత పూసి సీసాకి అంటించాడు. మూత సరిచూసుకుంటుంటే లోపలి సరుకు ఒకటి రెండు చుక్కలు సీసా వెంట కిందికి జారాయి. చొక్కా కొసతో తుడిచి తలుపు వేసేశాడు. జారిన చుక్క తన పని తాను చూసుకుంది. మధ్యాహ్నానికి కాగితం వెనకున్న జిగురు కరిగిపోయి, కాగితం సీసాను వదిలేసి అరలో పడింది. పిండిని కరిగించే మందు ఉన్న సీసాకు పిండి జిగురుతో కాగితం అంటించిన శాస్త్రవేత్త లోకంలో ఇతనొక్కడే అయి ఉండాలి.

ఇప్పుడు పై అరలో పక్కపక్కనే రెండు సీసాలు, రెంటిలోనూ నీళ్ళు.

ఆ రోజు మామగారు మహా హుషారుగా ఉన్నారు. వేడి జిగురు పెట్టి నిమిషానికి నాలుగు పుస్తకాలు కట్టే యంత్రాలు వచ్చాక ఆయన దగ్గరికి వచ్చే పని తగ్గిపోయింది. పాత నిఘంటువులు, చిరిగిన పాఠ్యపుస్తకాలు, ఎవరో ముసలాయన దాచుకున్న ఉత్తరాలు, అంతే. అలాంటిది అల్లుడి పరిశోధనశాల వార్షిక నివేదిక ముప్ఫై రెండు ప్రతులు, గుడ్డ అట్టలతో, కమిటీ చేతుల్లో పెట్టడానికి ఆయనకు వచ్చాయి. "చేయి తిరిగిన మనిషి సార్, యంత్రం పనికిరాదు ఆయన ముందు" అని డైరెక్టరుగారికి గంజి డాక్టరే గట్టిగా చెప్పి ఇప్పించాడు. మామగారు ముదురు నీలం గుడ్డ తెప్పించారు. కత్తి సానపెట్టించారు. కుట్టు పనంతా శుక్రవారానికే అయిపోయింది. ఇక అట్టలు అంటించడమే.

మధ్యాహ్నం మూడింటికి కిందనుంచి కేక వినిపించింది.

"ఏమయ్యా అల్లుడూ! ఓసారి ఇలా దిగి రా!"

గంజి డాక్టరు దిగి వెళ్ళాడు. మామగారు కుంచెను గిన్నెలో ముంచి పైకెత్తి చూపించారు. జిగురు తీగలా, మెరుస్తూ, ఎక్కడా ఉండ కట్టకుండా జారుతోంది.

"చూశావా? పొద్దున గట్టిగా ఉంది. రెండు చెంచాలు చల్లార్చిన నీళ్ళు పోసి కలిపాను. అరగంటలో ఎలా తయారైందో చూడు. యాభై ఏళ్ళలో ఇంత నున్నటి జిగురు నాకు కుదరలేదయ్యా!"

"అద్భుతంగా ఉంది మామయ్యా!" అన్నాడు గంజి డాక్టరు మనస్ఫూర్తిగా. పిండి ఎందుకు పలచబడుతుంది, ఎంతసేపటికి పలచబడుతుంది అన్నదాని మీద ఏడు వ్యాసాలు అచ్చు వేసుకున్న మనిషి, కళ్ళెదుట పలచబడుతున్న పిండిని చూసి చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

సాయంత్రానికి ముప్ఫై రెండు పుస్తకాలూ అట్టలు తొడుక్కుని, పుస్తకాలు నొక్కిపెట్టే మర కింద అణిగి కూర్చున్నాయి.

ఆదివారం పొద్దున మామగారు మర తిప్పి బరువు ఎత్తారు. పైనున్న పుస్తకాన్ని ప్రేమగా చేతిలోకి తీసుకున్నారు. అట్ట చేతిలోకి వచ్చింది. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. రెండోదీ అంతే. మూడోదాన్ని రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తితే, అది కాస్త దూరం వచ్చి జారిపోయింది. దానికి తోడు కిటికీ సందులోంచి బల్ల కాలు మీదుగా నీలం గుడ్డ దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి.

"అట్టలకు చీమలు పట్టడమేమిటి నాన్నా? బెల్లమేమైనా పూశావా?" అంది కూతురు.

మామగారు చొక్కా తొడుక్కుని తిన్నగా పిండి కొట్టుకు నడిచారు. మూలమలుపులో ఉన్న ఆ కొట్టుతో ఆయనకు ఇరవై ఏడేళ్ళ నేస్తం. అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కోసమే ఆయన పిండి కొద్దికొద్దిగా కొంటారని కూతురి అనుమానం.

"పిండిలో ఏం కలిపావయ్యా?" అన్నారు వెళ్తూనే, గుమ్మంలోంచే.

"ఏం కలుపుతానండీ? పిండే!"

"చక్కెర కలిపావా? సుద్ద కలిపావా? ముప్ఫై రెండు పుస్తకాలు, ముప్ఫై రెండూ ఊడి చేతికొచ్చాయి. రేపు పెద్దవాళ్ళు చూసే పని!"

కొట్టులో నలుగురు కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు తూకం వేయించుకున్న పిండిని మెల్లగా బల్ల మీద పెట్టేశారు. కొట్టతను కిందికీ మీదికీ చూసి, "ఇన్నేళ్ళుగా నా పిండి తిని అరిగించుకున్నారు, అంటించుకున్నారు. ఇవాళ నలుగురిలో నన్ను దొంగని చేశారు. ఇక మీకూ నాకూ చెల్లు. ఇంకో కొట్టు చూసుకోండి" అన్నాడు.

మామగారు నిజంగానే ఇంకో కొట్టు చూసుకున్నారు. కొత్త పిండి తెచ్చి, కొత్తగా ఉడికించి, చల్లార్చి, ఎందుకైనా మంచిదని ఈసారి నీళ్ళు రెండు చెంచాలు కాదు, సీసాలో ఉన్న దానిలో ముప్పావు పోశారు. మొదటి జిగురు అరగంటలో పలచబడితే ఇది పది నిమిషాల్లో పాయసంలా, ఇరవై నిమిషాల్లో చారునీళ్ళలా అయింది. మామగారు కుంచె పక్కన పెట్టారు. గిన్నెలో వేలు ముంచి నాలుక మీద రాసుకున్నారు. తరవాత లేచి పైకి వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా మళ్ళీ కిందికి వచ్చారు.

గంజి డాక్టరుకు అసలు సంగతి తెలిసింది మధ్యాహ్నం భోజనాలయ్యాక. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీశాడు. ఊరికే ఓసారి చూద్దామని పై అరలోకి తొంగి చూశాడు. ఒక సీసా నిండుగా ఉంది. రెండో సీసాలో అడుగున వేలెడు లోతు కూడా లేదు. దాని మీద అతను అంటించిన కాగితం లేదు. అరంతా వెతికాడు, ఎక్కడా కనిపించలేదు.

ఫ్రిజ్ తలుపు వేసి దొడ్డిదారిన దుకాణంలోకి దిగాడు. మామగారు అక్కడ లేరు. వేళ్ళు తెగినప్పుడు పూసుకోవడానికి ఆయన పెట్టుకున్న టింక్చర్ అయోడిన్ సీసా గూట్లో ఉంది. పిండి మీద అయోడిన్ చుక్క పడితే నీలంగా మారాలి. అది బళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. గిన్నెలోని జిగురు మీద ఒక చుక్క వేశాడు. నీలం రాలేదు. ఇంకో చుక్క వేశాడు. చుక్క చుక్కలాగే, గోధుమరంగులో ఉండిపోయింది. ఆ గిన్నెలో పిండి అన్నది లేదు. ఉన్నదంతా చక్కెర నీళ్ళు. అంత చక్కటి ఫలితం పరిశోధనశాలలో ఐదేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఐదేళ్ళ సరుకు పోయిందన్న దుఃఖం ముందు వచ్చింది. దాని వెనకాలే, ఇది బయటపడితే ఏమవుతుందన్న భయం వచ్చింది. నిబంధన మీరి సీసా తెచ్చింది తను. పై అరలో పెట్టింది తను. ఊడిపోయే కాగితం అంటించింది తను. తలెత్తితే గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు.

"ఏం చూస్తున్నావు?"

"ఏం లేదు మామయ్యా. జిగురు ఎందుకిలా అయిందా అని..."

మామగారు లోపలికి వచ్చి తన పీట మీద కూర్చున్నారు. అరచేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి వాటికేసి చూసుకున్నారు.

"నా చేయి పట్టు తప్పిందేమోనయ్యా. నువ్వేమంటావు?" అన్నారు నెమ్మదిగా.

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. గంజి డాక్టరు నోరు తెరిచాడు కూడా. సోమవారం కమిటీ వెళ్ళిపోయాక చెబితే ఏం మునిగిందన్న ఆలోచన సరిగ్గా అప్పుడే వచ్చింది. ఒక్క రోజు. ఒకే ఒక్క రోజు.

"వయసు కదా మామయ్యా. ఎవరికైనా అంతే" అన్నాడు.

మామగారు తల ఊపారు. "సరేలే. ఉన్నవాటికి ఏదో ఒకటి చేసి పట్టుకెళ్ళు. నాకు ఇక ఓపిక లేదు."

సాయంత్రమంతా భార్యాభర్తలు కూర్చుని ముప్ఫై రెండు అట్టలకూ లోపలివైపు మెరిసే టేపు అతికించారు. ఒక్కో పుస్తకం దెబ్బలు తగిలి కట్టు కట్టించుకున్నట్టు తయారైంది. ఇరవయ్యో పుస్తకం దగ్గర భార్య చేయి ఆపి అతని ముఖంలోకి చూసింది.

"నాన్న చేతికి ఏమైందంటారు?"

"ఏమో. కంటి చూపు కూడా తగ్గినట్టుంది" అన్నాడు గంజి డాక్టరు, టేపు కొస వెతుక్కుంటూ.

ఆవిడ తరవాతి పుస్తకం ముందుకు లాక్కుంది. మిగిలిన పన్నెండు పుస్తకాలకూ టేపు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

సోమవారం పదింటికి కమిటీ గదిలో అందరూ కూర్చున్నారు. అధ్యక్షురాలు అరవై దాటిన శాస్త్రవేత్త. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్నారు, ముఖం మీద నవ్వు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. డైరెక్టరుగారు ఆవిడ ముందు నివేదికను రెండు చేతులా పెట్టారు. ఆవిడ అట్ట తెరిచారు. టేపు 'చర్‌ర్' మంది. అట్ట ఎడమచేతిలో, నివేదిక కుడిచేతిలో ఉండిపోయాయి. బల్ల చుట్టూ చర్‌ర్, చర్‌ర్ అని అదే చప్పుడు ఒకదాని తరవాత ఒకటి వినిపించింది. చివరి కుర్చీలో ఉన్న సభ్యుడు తన అట్ట మీద పాకుతున్న చీమను మర్యాదగా ఊదాడు.

డైరెక్టరుగారి ముఖం కందిపోయింది.

"ఎవరండీ ఈ బైండింగు చేసింది? మీ మామగారేనా? చేయి తిరిగిన మనిషని మీరే కదా చెప్పారు?"

అందరూ గంజి డాక్టరు వైపు తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు. ఏం చెప్పాలో ముందుగా అనుకున్నది ఏమీ లేదు. మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"ఒకప్పుడు సార్. ఇప్పుడు వయసు మీద పడింది. చేయి పట్టు తప్పింది. ఇక మానేయండి అని ఇంట్లో అందరం చెబుతూనే ఉన్నాం, వినరు."

ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆ చివరి మాట ఎవరూ అడగకుండానే వచ్చింది.

గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం తన మాటకు వచ్చింది కాదని, అందరూ తన భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారని గంజి డాక్టరుకు కాసేపటికి అర్థమైంది. తిరిగి చూశాడు. గుమ్మంలో మామగారు ఉన్నారు. తెల్లచొక్కా, చంకలో పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం. గేటు కాపలావాడు దారి చూపించి పక్కకు తప్పుకున్నాడు.

ఆయన లోపలికి వచ్చి, పొట్లం విప్పి, రెండు నీలం పుస్తకాలు అధ్యక్షురాలి ముందు పెట్టారు.

"ఆ ముప్ఫై రెండిట్లోంచి రెండు తీసి పొద్దున మళ్ళీ కట్టినవమ్మా. ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెట్టాను. ఇవి ఊడవు" అన్నారు. ఇంకేదో చెప్పబోయినట్టు ఒక్క క్షణం నిలబడ్డారు. అల్లుడి వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

అధ్యక్షురాలు ఒక పుస్తకం తెరిచారు. అట్ట పట్టుకుని గట్టిగా గుంజారు. అట్ట కదల్లేదు.

"సరే, మీ ఎంజైము చూపించండి" అన్నారు.

గంజి డాక్టరు పిండి నీళ్ళలో అయోడిన్ వేశాడు. ముదురు నీలం. సీసాలో మిగిలిన అడుగునుంచి నాలుగు చుక్కలు వేశాడు. నీలం ఊదా అయి, ఎరుపు అయి, చివరికి లేత గోధుమరంగులోకి తేరిపోయింది. అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"బాగుంది. నివేదికలో అరవై మిల్లీలీటర్లని రాశారు. ఈ సీసాలో పది కూడా లేవు. మిగతాది ఏమైంది?"

పది నిమిషాల కిందట ఈ ప్రశ్న అడిగి ఉంటే అతను ఏదో ఒకటి కల్పించేవాడు. ఇప్పుడు కల్పించడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"మిగతాది మీ ముందు ఊడిపడిన అట్టల జిగురుకు అయిపోయింది మేడమ్" అన్నాడు. కరెంటు తీగల దగ్గర్నుంచి అయోడిన్ చుక్క దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. "ఆయన చేతికి ఏమీ కాలేదు. ఇందాక నేను చెప్పింది అబద్ధం" అన్నాడు ఆఖరున.

డైరెక్టరుగారు కళ్ళు మూసుకున్నారు. కానీ అధ్యక్షురాలు ఊడిన అట్టను కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"జిగురు మొత్తం పోయింది. కాగితానికి ఏమీ కాలేదు. గుడ్డకు కాలేదు, దారానికి కాలేదు. ఇదంతా గది వేడిలోనేనా?"

"అవును మేడమ్."

"పాత రికార్డుల ఆఫీసువాళ్ళు మూడేళ్ళుగా మా చుట్టూ తిరుగుతున్నారు. వందేళ్ళ నాటి పుస్తకాల అట్టలు విప్పాలంటే నీళ్ళలో నానబెట్టి, సగం కాగితం పోగొట్టుకుంటున్నారట. వాళ్ళకు కావలసింది ఇదే." ఆవిడ మొదటిసారి నవ్వారు. "గాజుగొట్టాల్లో ఫలితాలు చాలా చూశాం. ముప్ఫై రెండు పుస్తకాల మీద ఒకేసారి ప్రయోగం చేసినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాం."

మధ్యాహ్నం కాకముందే మూడేళ్ళ గడువు మంజూరైంది. అందరూ వచ్చి చేయి కలిపారు. గంజి డాక్టరు చేయి ఇస్తూనే ఉన్నాడు గానీ, అతని చూపు గుమ్మం మీదే ఉంది.

అందరూ వెళ్ళాక అతను డైరెక్టరుగారి గదికి వెళ్ళాడు.

"నిబంధన మీరాను సార్. మెమో ఇవ్వండి."

"మెమో ఏమిటయ్యా! ప్రశంసాపత్రం టైపు చేయిస్తుంటేనూ!"

"పెద్దమనిషి మీద నలుగురిలో నింద వేశాను సార్."

"ఇంట్లోవాళ్ళే కదా, సర్దుకుంటారు" అన్నారు డైరెక్టరుగారు, పెన్ను మూత తీస్తూ.

ఇంటికి వెళ్ళేసరికి మామగారు దుకాణంలో కుంచెలు కడిగి వరసగా ఆరబెడుతున్నారు. గంజి డాక్టరు గుమ్మం దాటి అడుగు లోపల పెట్టలేకపోయాడు.

"మామయ్యా, ఆ సీసా..."

మామగారు చొక్కా జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "ముట్టుకోవద్దు" అని ఉంది దాని మీద.

"నిన్న మధ్యాహ్నం జిగురు నాలుక మీద వేసుకున్నాను. పులిసిన జిగురు ఎరుగుదును, చేదెక్కింది ఎరుగుదును. తియ్యటి జిగురు ఎప్పుడూ ఎరగను. పైకి వెళ్ళి చూస్తే అరకు అంటుకుని ఇది కనిపించింది. మీ చేతిరాత."

పన్నెండేళ్ళలో ఆయన అల్లుణ్ణి 'మీరు' అనడం అదే మొదటిసారి. గంజి డాక్టరుకు మిగతా మాటలకన్నా అది ముందు వినిపించింది.

"మరి నన్ను నిలదీయలేదేం మామయ్యా?"

"మీరే చెబుతారని చూశాను. చేయి పట్టు తప్పిందా అని అడిగింది అందుకే." ఆయన ఒక కుంచె తీసి వెంట్రుకలు సరిచేశారు. "అమ్మాయికి కూడా నిన్ననే తెలుసు. అది కూడా అడిగానంది."

"పొద్దున అక్కడికి..."

"సీసా మార్చింది నేను. మీ ఐదేళ్ళ కష్టాన్ని గిన్నెలో కలిపేసింది నేను. ఆ ముక్క మీ పెద్దవాళ్ళతో నేనే చెప్పేస్తే మీ ఉద్యోగం మీదికి ఏమీ రాదు కదా అని వచ్చాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీరు మాట్లాడుతున్నారు. మధ్యలో అడ్డుపడటం బాగుండదని..." మాట మధ్యలోనే ఆపేశారు. "పైన అన్నం చల్లారిపోతుంది. వెళ్ళండి అల్లుడుగారూ."

పైన భార్య వడ్డించింది. ఆవిడైనా ఒక మాట అంటుందేమోనని ఎదురుచూశాడు. "ఇంకొంచెం వేయమంటారా?" అని తప్ప ఏమీ అనలేదు. ఆదివారం నాడు ఎవరు ఏమంటారోనని వణికిన మనిషి, సోమవారం నాడు ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని కంచం ముందు కూర్చున్నాడు.

మంగళవారం సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ పిండి కొట్టు దగ్గర ఆగి కిలో పిండి ఇమ్మన్నాడు. కనీసం అక్కడైనా నాలుగు చీవాట్లు దొరుకుతాయని అతని ఆశ. కొట్టతను కోపిష్టి అని వీధంతా చెప్పుకుంటారు.

"పిండిలో మీ తప్పు లేదండీ. తప్పంతా నాది. నావల్లే మా మామగారు మిమ్మల్ని నలుగురిలో అన్ని మాటలు అన్నారు" అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

కొట్టతను తీరిగ్గా గరిటెతో పిండి సంచిలోకి వేశాడు.

"మీ మామగారు సోమవారం మధ్యాహ్నమే వచ్చి వెళ్ళారండీ. కొట్టు నిండా జనం ఉండగా చేతులు పట్టుకుని క్షమించమన్నారు. నాకే సిగ్గేసింది. కళ్ళానక సీసా మార్చేశాను, తప్పంతా నాదేనన్నారు."

"సోమవారం మధ్యాహ్నమా?"

"అవునండీ. మీ ఆఫీసునుంచే వస్తున్నానన్నారు."

గంజి డాక్టరు బల్ల అంచు పట్టుకున్నాడు. "నా గురించి ఏమైనా అన్నారా?"

"అనకేం? మా అల్లుడు చాలా మంచివాడు, ఐదేళ్ళ కష్టం నా చేతిలో పోయినా నన్ను ఒక్క మాట అడగలేదు అన్నారు." కొట్టతను మెచ్చుకోలుగా చూసి, సంచి మూతి ముడి వేసి అందించాడు. "ఈ రోజుల్లో అలాంటి అల్లుళ్ళు ఎక్కడున్నారండీ!"

కిలో పిండి, మూడు వీధుల దూరం. అయినా ఇల్లు చేరేలోగా నాలుగుసార్లు చేయి మార్చుకోవలసి వచ్చింది.